ప్లాస్మోడియం హెక్సోజ్ రవాణా ప్రోటీన్

ప్లాస్మోడియం హెక్సోజ్ రవాణా ప్రోటీన్ అనేది మలేరియా వ్యాధిని కలిగించే ప్లాస్మోడియం ప్రజాతికి చెందిన పరాన్నజీవుల కణత్వచంలో ఉండే ఒక ప్రోటీను. ఇది గ్లూకోజు, ఫ్రక్టోజు వంటి ఆరు కర్బనాల చక్కెరలను బయటి నుండి పరాన్నజీవి కణం లోపలికి చేరవేస్తుంది. ఆరు కర్బనాల చక్కెరలను హెక్సోజులు అంటారు కాబట్టి దీనికి ఈ పేరు వచ్చింది. మలేరియా మరణాలలో అధిక భాగానికి కారణమైన ప్లాస్మోడియం ఫాల్సిపారం అనే జాతిలోని ఈ ప్రోటీనును క్లుప్తంగా పిఎఫ్‌హెచ్‌టి1 అని వ్యవహరిస్తారు.

రక్తంలో పెరుగుతున్న దశలో మలేరియా పరాన్నజీవికి గ్లూకోజే ప్రధాన శక్తి వనరు. ఆ గ్లూకోజు లోపలికి రావడానికి ఉన్న ముఖ్యమైన ద్వారం ఈ ప్రోటీను ఒక్కటే. అందువలన ఈ ద్వారాన్ని మూసివేయగలిగితే పరాన్నజీవి ఆకలితో మరణిస్తుంది. అయితే మానవ కణాలలో కూడా ఇదే కుటుంబానికి చెందిన ద్వారాలు ఉన్నాయి. మన ద్వారాలను మూయకుండా పరాన్నజీవి ద్వారాన్ని మాత్రమే మూయడం ఎలా అన్నదే ఈ ప్రోటీనుపై జరుగుతున్న పరిశోధనలకు మూలమైన ప్రశ్న.

చక్కెరకు ద్వారం ఎందుకు కావాలి?

ప్రతి జీవకణం చుట్టూ కొవ్వు పదార్థాలతో నిర్మితమైన పలుచని త్వచం ఉంటుంది. గ్లూకోజు నీటిలో బాగా కరుగుతుంది గాని కొవ్వులో కరగదు. కనుక అది కణత్వచం గుండా తనంతట తానుగా లోపలికి పోవడం చాలా నెమ్మదిగా జరుగుతుంది. కణానికి కావలసిన వేగంతో గ్లూకోజు లోపలికి రావాలంటే త్వచానికి ఇటూ అటూ విస్తరించి ఉండే రవాణా ప్రోటీనులు అవసరం.

ఈ రవాణా ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో కణం తన శక్తిని ఖర్చు చేసి, తక్కువ గాఢత గల చోటి నుండి ఎక్కువ గాఢత గల చోటికి పదార్థాన్ని తోస్తుంది. దీనిని సక్రియా రవాణా అంటారు. రెండవ రకంలో పదార్థం ఎక్కువ గాఢత నుండి తక్కువ గాఢతకు తనంతట తానే ప్రవహిస్తుంది. ప్రోటీను దారి మాత్రం ఇస్తుంది. దీనిని సులభతర వ్యాపనం అంటారు. ప్లాస్మోడియం హెక్సోజ్ రవాణా ప్రోటీను ఈ రెండవ రకానికి చెందినది. లోపలికి వచ్చిన గ్లూకోజుకు హెక్సోకైనేజ్ అనే ఎంజైము వెంటనే ఒక ఫాస్ఫేటును తగిలిస్తుంది. ఫాస్ఫేటు తగిలిన గ్లూకోజు తిరిగి ఆ ద్వారం గుండా బయటకు పోలేదు. ఈ విధంగా లోపల స్వేచ్ఛగా ఉన్న గ్లూకోజు గాఢత ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది, బయటి నుండి ప్రవాహం కొనసాగుతూనే ఉంటుంది.

మలేరియా పరాన్నజీవికి గ్లూకోజు అవసరం

మలేరియా పరాన్నజీవిని మానవ రక్తంలో మొదట 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్ఫాన్స్ లావెరాన్ చూశాడు. ఇది దోమలో పెరుగుతుందని 1897లో రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో పనిచేస్తున్నప్పుడు కనుగొన్నాడు. దోమ కాటుతో శరీరంలో ప్రవేశించిన పరాన్నజీవి మొదట కాలేయంలో వృద్ధి చెంది, తరువాత ఎర్ర రక్తకణాలలోకి ప్రవేశిస్తుంది. ప్లాస్మోడియం ఫాల్సిపారం ఒక ఎర్ర రక్తకణంలో సుమారు 48 గంటలు పెరిగి, పలు పిల్ల కణాలుగా విడిపోయి, ఆ రక్తకణాన్ని పగులగొట్టుకొని బయటకు వస్తుంది. జ్వరం, చలి ఈ దశలోనే కలుగుతాయి.

రెండు రోజులలో ఇంత వేగంగా పెరగడానికి చాలా శక్తి కావాలి. పరాన్నజీవి ఉన్న ఎర్ర రక్తకణం, అది లేని రక్తకణం కంటే 20 నుండి 100 రెట్ల వరకు ఎక్కువ గ్లూకోజును వినియోగిస్తుంది. దీనికి కారణాలు రెండు.

మొదటిది, ఈ దశలో పరాన్నజీవి గ్లూకోజును పూర్తిగా దహనం చేయదు. గ్లైకాలసిస్ అనే చర్యల వరుస ద్వారా దానిని ఎక్కువగా లాక్టిక్ ఆమ్లంగా మార్చి బయటకు పంపివేస్తుంది. ఈ పద్ధతిలో ఒక గ్లూకోజు అణువు నుండి నికరంగా లభించేవి రెండు ఏటీపీ అణువులు మాత్రమే. పూర్తిగా దహనం చేస్తే సుమారు 30 ఏటీపీ అణువులు లభిస్తాయి. తక్కువ లాభంతో వ్యాపారం చేసేవాడు ఎక్కువ సరుకు అమ్మవలసి వచ్చినట్లే, పరాన్నజీవి కూడా ఎక్కువ గ్లూకోజును వాడుకోవలసి వస్తుంది. జీవకణాలకు శక్తి నాణెం వంటిదైన ఈ ఏటీపీని కండరాల నుండి వేరుచేసినట్లు 1929లో ప్రకటించిన వారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, ఆయన సహశాస్త్రజ్ఞుడు సైరస్ ఫిస్క్ ఉన్నారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నాడు.

రెండవది, పరాన్నజీవికి నిల్వలు లేవు. మన కాలేయం, కండరాలు గ్లైకోజన్ రూపంలో చక్కెరను దాచుకుంటాయి. రక్తదశలోని మలేరియా పరాన్నజీవికి అటువంటి నిల్వ లేదు. చుట్టూ ఉన్న రక్తంలో చక్కెర ఎప్పుడూ ఉంటుంది కాబట్టి దాచుకునే అవసరం దానికి కలగలేదు. ఇదే దాని బలం, ఇదే దాని బలహీనత. గ్లూకోజు సరఫరా ఆగిన వెంటనే దాని ఏటీపీ తగ్గిపోతుంది.

గ్లూకోజు ప్రయాణ మార్గం

రక్తంలోని గ్లూకోజు పరాన్నజీవి కణద్రవ్యాన్ని చేరడానికి మూడు త్వచాలను దాటాలి.

* మొదటి త్వచం ఎర్ర రక్తకణానిది. ఇందులో గ్లూట్1 అనే మానవ రవాణా ప్రోటీను ఉంటుంది. ఒక్కొక్క ఎర్ర రక్తకణంపై ఇవి సుమారు రెండు లక్షల వరకు ఉంటాయి. పరాన్నజీవి ప్రవేశించిన తరువాత రక్తకణత్వచంలో కొత్త దారులు కూడా ఏర్పడతాయి గాని, గ్లూకోజులో అధిక భాగం గ్లూట్1 గుండానే వస్తుంది.

* రెండవ త్వచం పరాన్నజీవి చుట్టూ ఏర్పడే రిక్తికది. పరాన్నజీవి ఎర్ర రక్తకణంలోకి చొచ్చుకొని పోయేటప్పుడు ఈ సంచి ఏర్పడుతుంది. దీనిలో చిన్న అణువులన్నీ తేలికగా దాటిపోగల రంధ్రాలు ఉంటాయి. కనుక గ్లూకోజుకు ఇది పెద్ద అడ్డంకి కాదు.

* మూడవ త్వచం పరాన్నజీవి సొంత కణత్వచం. ఇక్కడ ఉండేదే హెక్సోజ్ రవాణా ప్రోటీను.

మొదటి ద్వారం మనది, చివరి ద్వారం పరాన్నజీవిది. గ్లూకోజు లోపల లాక్టిక్ ఆమ్లంగా మారిన తరువాత బయటకు పోవడానికి వేరొక ప్రోటీను ఉంది. దానిని 2015లో గుర్తించారు.

కనుగొన్న క్రమం

ప్లాస్మోడియం ఫాల్సిపారం యొక్క రెండవ క్రోమోజోము జన్యు వరుస 1998లో ప్రచురితమైంది. మొత్తం 14 క్రోమోజోముల వరుస 2002లో వెలువడింది. పిఎఫ్‌హెచ్‌టి1 జన్యువు ఈ రెండవ క్రోమోజోముపై ఉంది. ఇది ఒకే ప్రతిగా ఉంటుంది. దీని నుండి తయారయ్యే ప్రోటీనులో 504 అమైనో ఆమ్లాలు ఉంటాయి.

జన్యు వరుసను చూసి ఇది చక్కెర రవాణా ప్రోటీను కావచ్చునని ఊహించవచ్చు. నిరూపించడానికి ప్రయోగం కావాలి. ఎర్ర రక్తకణంలో మూడు త్వచాలు ఒకదానిలో ఒకటి ఉన్నందున ఏ ప్రోటీను ఎంత పనిచేస్తున్నదో విడిగా కొలవడం కష్టం. అందుచేత లండన్‌లో సంజీవ్ కృష్ణ బృందం ఈ జన్యువు యొక్క ఆదేశాన్ని జీనోపస్ అనే ఆఫ్రికా కప్ప అండకణాలలోకి ఎక్కించింది. అండకణం ఆ ఆదేశం ప్రకారం పరాన్నజీవి ప్రోటీనును తయారుచేసి తన త్వచంలో నిలిపింది. అప్పుడు ఆ అండకణాలు రేడియోధార్మిక గుర్తు పెట్టిన చక్కెరను సాధారణ అండకణాల కంటే ఎంతో ఎక్కువగా పీల్చుకున్నాయి. 1999లో ప్రచురితమైన ఈ ప్రయోగంతో పిఎఫ్‌హెచ్‌టి1 పని ఖాయమైంది.

2010లో ప్రచురితమైన మరొక పరిశోధనలో ఈ జన్యువును తొలగించడానికి ప్రయత్నించారు. రక్తదశలో ఆ జన్యువు లేకుండా పరాన్నజీవులు బ్రతకలేదు. అదనంగా మరొక ప్రతిని ముందుగా చేర్చినప్పుడే అసలు జన్యువును తొలగించడం సాధ్యమైంది. దీనితో ఈ ప్రోటీను పరాన్నజీవికి అత్యవసరమని రుజువైంది.

నిర్మాణం, పనిచేసే విధానం

పిఎఫ్‌హెచ్‌టి1 ప్రోటీను గొలుసు కణత్వచాన్ని 12 సార్లు అటూ ఇటూ దాటుతుంది. దాటే ప్రతి భాగం మెలి తిరిగిన సర్పిలం ఆకారంలో ఉంటుంది. మొదటి ఆరు సర్పిలాలు ఒక కట్టగాను, తరువాతి ఆరు మరొక కట్టగాను అమరి ఉంటాయి. ఈ రెండు కట్టల మధ్య ఉన్న లోయలో గ్లూకోజు అణువు కూర్చుంటుంది.

ఇటువంటి ప్రోటీనులు త్వచానికి రెండు వైపులా ఒకేసారి తెరుచుకోవు. ఒకవైపు తెరిచినప్పుడు రెండవ వైపు మూసి ఉంటుంది. ఈ భావనను 1966లో ఒలెగ్ జార్డెట్‌స్కీ ప్రతిపాదించాడు. రవాణా జరిగే క్రమం స్థూలంగా ఇలా ఉంటుంది:

* ప్రోటీను బయటి వైపుకు తెరుచుకొని ఉంటుంది. గ్లూకోజు లోయలోకి ప్రవేశించి అక్కడి అమైనో ఆమ్లాలతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకుంటుంది.
* బయటి వైపు సర్పిలాలు వంగి దారిని మూస్తాయి. ఈ క్షణంలో గ్లూకోజు రెండు వైపులా మూసిన గదిలో ఉంటుంది.
* రెండు కట్టలు ఒకదానిపై ఒకటి ఊగి, లోపలి వైపు దారి తెరుచుకుంటుంది. గ్లూకోజు కణద్రవ్యంలోకి జారుతుంది.
* ఖాళీ అయిన ప్రోటీను తిరిగి మొదటి స్థితికి వస్తుంది.

పిఎఫ్‌హెచ్‌టి1 త్రిమితీయ నిర్మాణం 2020లో రెండు బృందాల ద్వారా వెలుగులోకి వచ్చింది. వీటిలో ఒకటి చైనా శాస్త్రజ్ఞుల బృందం, మరొకటి స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ డ్రూ బృందం. స్వీడన్ బృందం చూసిన స్ఫటికంలో గ్లూకోజు సరిగ్గా రెండవ మెట్టులో, అంటే మూసిన గదిలో, చిక్కుకొని ఉంది.

మానవ ప్రోటీనుతో పోలిక

గ్లూకోజు కూర్చునే చోటును మాత్రమే చూస్తే పిఎఫ్‌హెచ్‌టి1కు, మానవ గ్లూట్ ప్రోటీనులకు పెద్ద తేడా కనిపించదు. గ్లూకోజును పట్టుకునే అమైనో ఆమ్లాలు దాదాపు ఒకటే. ఒకే చక్కెరను పట్టుకోవలసిన చేతులు ఒకే విధంగా ఉండడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. మానవులలో చక్కెరల పని వేర్వేరు ప్రోటీనుల మధ్య పంచబడింది. గ్లూట్1 గ్లూకోజును తీసుకువెళుతుంది గాని ఫ్రక్టోజును తీసుకువెళ్లదు. ఫ్రక్టోజు కోసం గ్లూట్5 అనే ప్రోటీను ఉంది. పరాన్నజీవి ప్రోటీను మాత్రం గ్లూకోజు, ఫ్రక్టోజు రెండింటినీ రవాణా చేస్తుంది. ఐదవ సర్పిలంలో 169వ స్థానంలో ఉన్న గ్లూటమైన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆస్పరజిన్‌గా మార్చినప్పుడు ఫ్రక్టోజు రవాణా ఆగిపోయి గ్లూకోజు రవాణా మాత్రం కొనసాగింది. ఈ ఒక్క మార్పు పరాన్నజీవి ద్వారానికి, మన ద్వారానికి మధ్య తేడా ఉన్నదని మొదటగా సూచించింది.

2020 నాటి నిర్మాణాలు ఇంకొక విషయాన్ని తెలిపాయి. బయటి తలుపు వలె పనిచేసే ఏడవ సర్పిలం పైభాగం కూడా రవాణాకు కీలకం. గ్లూకోజుకు దూరంగా ఉన్నప్పటికీ ఇక్కడి అమైనో ఆమ్లాలను మారిస్తే, గ్లూకోజును పట్టుకునే అమైనో ఆమ్లాలను మార్చినంతగా రవాణా దెబ్బతింటుంది. అనగా ఈ ప్రోటీను ఏ చక్కెరను అనుమతిస్తుందో నిర్ణయించడంలో లోపలి గదితో పాటు తలుపుకు కూడా పాత్ర ఉన్నది.

రోగిపై ప్రభావం

తీవ్ర మలేరియా సోకిన వారిలో, ముఖ్యంగా చిన్నపిల్లలలో, గర్భిణీ స్త్రీలలో, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. దీనికి కారణం పరాన్నజీవుల వినియోగం ఒక్కటే కాదు. రోగి ఆహారం తీసుకోలేకపోవడం, కాలేయం కొత్త గ్లూకోజును తగినంత తయారు చేయలేకపోవడం కూడా తోడవుతాయి. క్వినైన్ మందు క్లోమం నుండి ఇన్సులిన్ స్రావాన్ని పెంచి చక్కెరను మరింత తగ్గించగలదు. గ్లూకోజు నుండి ఏర్పడిన లాక్టిక్ ఆమ్లం రక్తంలో పేరుకొని ఆమ్లత్వం పెరగడం తీవ్ర మలేరియాలో మరొక అపాయం.

సాధారణంగా రక్తంలో గ్లూకోజు లీటరుకు సుమారు 5 మిల్లీమోల్‌లు, అంటే డెసిలీటరుకు సుమారు 90 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇది 2.2 మిల్లీమోల్‌ల (40 మిల్లీగ్రాముల) కంటే తగ్గడాన్ని తీవ్ర మలేరియా లక్షణాలలో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణిస్తుంది. పిఎఫ్‌హెచ్‌టి1 తన గరిష్ఠ వేగంలో సగాన్ని సుమారు 1 మిల్లీమోల్ గాఢత వద్దనే అందుకుంటుంది. ఈ లెక్కన, పరాన్నజీవి చుట్టూ రక్తంలో ఉన్నంత గ్లూకోజే ఉన్నదనుకుంటే, 5 మిల్లీమోల్‌ల వద్ద ఈ ద్వారం తన గరిష్ఠ వేగంలో సుమారు 83 శాతంతో పనిచేస్తుంది. 2.2 మిల్లీమోల్‌ల వద్ద కూడా సుమారు 69 శాతంతో పనిచేస్తుంది. రోగి మెదడు చక్కెర లేక స్పృహ తప్పే స్థితిలో కూడా పరాన్నజీవి ద్వారం నుండి గ్లూకోజు లోపలికి పోతూనే ఉంటుంది. అందుచేత రోగికి గ్లూకోజు ఇవ్వకుండా పరాన్నజీవిని మాడ్చడం సాధ్యం కాదు. అలా చేస్తే ముందుగా నష్టపోయేది రోగి మెదడే. ఈ కారణంగానే వైద్యులు సిరల ద్వారా గ్లూకోజునిస్తూ, ఆర్టిసునేట్ వంటి మందులతో పరాన్నజీవిని చంపుతారు.

ఇతర పరాన్నజీవులలో

చక్కెర రవాణా ప్రోటీనులు అన్ని పరాన్నజీవులలోనూ ఒకేవిధంగా ఉండవు. పరాన్నజీవి నివసించే చోటును బట్టి వాటి ప్రాముఖ్యత మారుతుంది.

* ట్రిపనోసోమా బ్రూసీ: ఆఫ్రికాలో అతినిద్ర వ్యాధిని కలిగిస్తుంది. రక్తంలో స్వేచ్ఛగా ఈదుతుంది. రక్తదశలో పూర్తిగా గ్లూకోజుపై ఆధారపడుతుంది. గ్లైకాలసిస్ ఎంజైములలో మొదటి ఏడింటిని గ్లైకోసోము అనే ప్రత్యేక సంచులలో దాచుకుంటుంది. ఈ సంగతిని 1977లో ఓపర్డూస్, బోర్స్ట్ కనుగొన్నారు. ఈ జీవికి రెండు రకాల రవాణా ప్రోటీనులు ఉన్నాయి. చక్కెర పుష్కలంగా ఉన్న రక్తంలో ఎక్కువ మొత్తంలో మోయగల ప్రోటీను పనిచేస్తుంది. చక్కెర అరుదైన సెట్సీ ఈగ పేగులో, కొద్దిపాటి చక్కెరనైనా గట్టిగా పట్టుకోగల మరొక ప్రోటీను పనిచేస్తుంది.

* లీష్మానియా మెక్సికానా: కాలా అజార్ కలిగించే లీష్మానియా డోనొవానీకి దగ్గరి బంధువు. దీనిలో మూడు గ్లూకోజు రవాణా ప్రోటీనులు ఉన్నాయి. వాటిలో ఒకటి ముఖ్యంగా కశాభం త్వచంలో ఉంటుంది. మూడు జన్యువులనూ తొలగించినప్పుడు ఇసుక ఈగలో ఉండే రూపం నెమ్మదిగానైనా పెరిగింది గాని, మానవులలోను ఇతర క్షీరదాలలోను ఉండే రూపం స్థూలభక్షక కణాలలో బ్రతకలేకపోయింది. ఈ ఫలితం 2003లో ప్రచురితమైంది.

* టాక్సోప్లాస్మా గాండీ: ఇది ప్లాస్మోడియానికి బంధువే. అయినప్పటికీ దీని ముఖ్య గ్లూకోజు రవాణా ప్రోటీనును తొలగించినా బ్రతికి పెరగగలిగిందని 2009లో తేలింది. ఇది గ్లూటమైన్ అనే అమైనో ఆమ్లాన్ని శక్తి కోసం వాడుకుంటుంది.

కనుక ఒక పరాన్నజీవిలో ప్రాణాధారమైన ద్వారం మరొక దానిలో అదనపు సౌకర్యం మాత్రమే కావచ్చు. ప్రత్యామ్నాయ ఆహారం లేని చోటనే ఈ ద్వారం ఔషధానికి తగిన లక్ష్యమవుతుంది. రక్తదశలోని ప్లాస్మోడియం ఫాల్సిపారం అటువంటి స్థితిలో ఉన్నది.

ఔషధ లక్ష్యంగా

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 26.3 కోట్ల మందికి మలేరియా సోకింది, సుమారు 5,97,000 మంది మరణించారు. పరాన్నజీవులు క్లోరోక్విన్‌కు లొంగకుండా పోయి దశాబ్దాలు గడిచాయి. ఆర్టిమిసినిన్‌కు పాక్షికంగా లొంగని పరాన్నజీవులు మొదట కంబోడియాలోను, తరువాత తూర్పు ఆఫ్రికాలోను కనిపించాయి. అందువలన కొత్త లక్ష్యాలపై పనిచేసే మందులు అవసరం.

పిఎఫ్‌హెచ్‌టి1ను నిరోధించే పదార్థాలలో మొదట ప్రసిద్ధి చెందినది సమ్మేళనం 3361. ఇది గ్లూకోజు అణువే. దాని మూడవ కర్బనం వద్దనున్న ఆక్సిజన్‌కు 11 కర్బనాల పొడవైన తోక అతికించబడింది. 2003లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం ఇది పరాన్నజీవి ప్రోటీనును అడ్డుకుంటుంది గాని, మానవ గ్లూట్1ను అంతగా అడ్డుకోదు. ప్రయోగశాలలో పెంచిన పరాన్నజీవులను ఇది చంపింది. ఎలుకలలో కూడా పరాన్నజీవుల వృద్ధిని తగ్గించింది.

ఒకే విధమైన గది ఉన్నప్పుడు ఇంత తేడా ఎలా వచ్చింది? 2020లో చైనా బృందం ఈ సమ్మేళనం ప్రోటీనులో కూర్చున్న చిత్రాన్ని చూపినప్పుడు సమాధానం దొరికింది. గ్లూకోజు తల ఎప్పటి గదిలోనే కూర్చున్నది. పొడవైన తోక మాత్రం పక్కనున్న మరొక జేబులోకి చొచ్చుకుపోయింది. ఈ జేబు పరాన్నజీవి ప్రోటీనులో ఏర్పడుతుంది. దీని ఆధారంగా, గదిని, పక్క జేబును ఒకేసారి ఆక్రమించే కొత్త అణువులను రూపొందించి 2021లో ప్రకటించారు.

ఇంత జాగ్రత్త ఎందుకో గ్రహించడానికి మానవులలో గ్లూట్1 లోపించిన స్థితిని చూస్తే చాలు. గ్లూకోజు రక్తం నుండి మెదడులోకి చేరేది గ్లూట్1 ద్వారానే. పుట్టుకతో ఈ ప్రోటీను సగానికి తగ్గిన పిల్లలలో మూర్ఛలు, ఎదుగుదల లోపాలు కలుగుతాయని 1991లో గుర్తించారు. మలేరియాకు ఎక్కువగా బలయ్యేది ఐదేళ్ల లోపు పిల్లలే. పరాన్నజీవితో పాటు ఆ పిల్లల మెదడుకు కూడా చక్కెరను ఆపివేసే మందు మందు కాజాలదు.

పిఎఫ్‌హెచ్‌టి1పై పనిచేసే మందు ఏదీ ఇంతవరకు చికిత్సకు ఆమోదం పొందలేదు. ప్రయోగశాలలోని అణువులు మరింత తక్కువ మోతాదులో పనిచేయాలి, శరీరంలో తగినంత కాలం నిలవాలి, చౌకగా తయారు కావాలి. అయినప్పటికీ పరాన్నజీవి ప్రాణం ఏ ద్వారంపై ఆధారపడి ఉన్నదో, ఆ ద్వారం మన ద్వారానికి ఎక్కడ భిన్నంగా ఉన్నదో ఇప్పుడు స్పష్టంగా తెలుసు.

ఇవి కూడా చూడండి

* మలేరియా
* గ్లూకోజు
* గ్లైకాలసిస్
* కణత్వచం
* రోనాల్డ్ రాస్
* యల్లాప్రగడ సుబ్బారావు